కబురుకు చిరునామా కావాలి: సైబరాబాద్ యువత చేతిలో కవిత

ఇవాళ్టి యువత కవిత్వం చదవడం లేదని ఒక మాట వినబడుతోంది. ఫోన్ చేతిలో ఉన్న ప్రతివాడూ కవి అయిపోయాడని ఇంకో మాటా వినబడుతోంది. సాహిత్య సభల్లో ఈ రెండు మాటల్నీ ఒకే వేదిక మీద, ఒక్కోసారి ఒకే వక్త నోట వింటున్నాం. మొదటిది పుస్తకాలు అమ్ముడుపోవడం లేదన్న దిగులు. రెండోది, అడక్కుండా ఎవరెవరో రాసేస్తున్నారన్న చిరాకు. ఈ చిరాకు మనకు కొత్త కాదు. 1990లలో దళిత కవిత్వం ముందుకొచ్చినప్పుడు 'ఇది కవిత్వం కాదు, నినాదం' అన్న విమర్శే ఇప్పుడు 'ఇది కవిత్వం కాదు, స్టేటస్' అంటోంది. మాట మారింది గానీ, ఏది కవిత్వమో తేల్చే హక్కు తనదేనన్న ధీమా మారలేదు.

యువత కవిత్వం గొప్పదా కాదా అన్న తీర్పు జోలికి మేము పోవడం లేదు. కవితను ఇక్కడ ఒక కబురుగా చూస్తున్నాం. ఎవరు పంపుతున్నారు? ఎవరికి? ఏ దారిన? మధ్యలో ఆపుతున్నదెవరు? ఈ ప్రశ్నలు వేసుకోవడానికి మాదాపూర్ నుంచి కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ దాకా పరుచుకున్న ఐటీ కారిడార్‌ను ఎంచుకున్నాం. కబుర్లు పంపే పరికరాల చుట్టూ బతుకుతున్న ప్రాంతం ఇది. ఇక్కడికి వచ్చిన దళిత యువతీ యువకులకు తమ కబురు పంపుకోవడం ఎంత కష్టంగా ఉందో చూస్తే, కవిత్వం గురించీ కులం గురించీ ఒకేసారి కొంత తెలుస్తుంది.

మా ప్రతిపాదన ఇది: కబురు మోసే సాధనం ఇవాళ అందరి చేతికీ వచ్చింది. కానీ దళిత యువత ఆ కబురు మీద తన పేరు, తన వాడ రాసుకునే పరిస్థితి ఈ కారిడార్‌లో లేదు. అది ఎవరికి చేరాలో వాళ్ళ పేరు రాసే అలవాటు కూడా సన్నగిల్లుతోంది. 1990ల దళిత కవిత్వానికి బలం ఈ రెండు చిరునామాల్లోనే ఉండేది.

కబురు మోసినోళ్ళం

ఊళ్ళో కబురు మోయడం మనకు అంటగట్టిన వెట్టిలో భాగం. చావు కబురు పక్క ఊళ్ళ చుట్టాలకు చేరవేసింది మన తాతలే. శిస్తు గడువు ఊరికి తెలియాలన్నా, జాతర సంగతి తెలియాలన్నా డప్పు మీద దెబ్బ పడాల్సిందే. కానీ ఆ డప్పు కొట్టినోడి ఇంట్లో ఏం జరిగిందో ఊరికి చెప్పే డప్పు ఏదీ లేదు. అందరి కబురూ మోసిన జాతికి తన కబురు మోసేవాడు కరువయ్యాడు. తెలుగు దళిత కవిత్వ చరిత్రను ఈ లోటు దగ్గర మొదలుపెట్టి చదవొచ్చని మా అభిప్రాయం.

కుసుమ ధర్మన్న 1921లో 'మాకొద్దీ నల్లదొరతనము' రాశాడు. గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం వద్దన్న పాట ఆంధ్రదేశమంతా మోగుతున్న కాలం అది. ధర్మన్న దానికి జవాబిచ్చాడు. మీరు దొరలకు పంపిన కబురు విన్నాం, మేము మీకు పంపే కబురు కూడా వినండి అన్నాడు. అంటే ఆధునిక తెలుగు దళిత కవిత్వం మొదటి అడుగుల్లోనే ఎదుటివాడి చిరునామా రాసుకుని బయల్దేరింది. ఒంటరి గొణుగుడుగా మొదలవలేదు.

జాషువా 'గబ్బిలం' మొదటి భాగం 1941లో వచ్చింది. దాన్ని మేఘసందేశంతో పోల్చి మెచ్చుకోవడం మన విమర్శకులకు అలవాటే. ఆ పోలికలో కవిత్వ నైపుణ్యం గురించి మాట్లాడతారు గానీ కబురు మోసే సాధనం గురించి తక్కువ మాట్లాడతారు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు. మేఘాన్ని ఆపేవాడు లేడు, మైలపడేదీ లేదు. అది అలకాపురిలో ఉన్న ప్రియురాలి దగ్గరికి దర్జాగా పోతుంది. జాషువా నాయకుడికి ఆ సౌకర్యం లేదు. అతను చెప్పుకోవాల్సింది కాశీలో ఉన్న దేవుడితో. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు. అందుకే గుడి కప్పుకు వేలాడే గబ్బిలాన్ని, జనం అశుభమని తోలే పిట్టను, బతిమాలుకుని పంపాడు. అర్చకుడు దగ్గర లేనప్పుడు చూసి చెప్పమన్నాడు. ఏ సాధనం దొరుకుతుందన్నది కూడా కులమే నిర్ణయించిందన్నమాట. అయినా ఆ కబురులో పంపినవాడెవడో స్పష్టం. అందుకోవాల్సినవాడూ స్పష్టం. పోయే దారి కూడా ఊరూరా చెప్పి ఉంది. ఎండ్లూరి సుధాకర్ 'కొత్త గబ్బిలం' అని మళ్ళీ రాయాల్సి వచ్చిందంటే ఆ కబురు ఇంకా అందలేదనే కదా.

కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత వచ్చిన తరం సాధనం కోసం బతిమాలలేదు. చిన్న పత్రికలు పెట్టుకుంది, కరపత్రాలు వేసుకుంది, సభల్లో నిలబడి చదివింది. 'చిక్కనవుతున్న పాట' (1995), 'పదునెక్కిన పాట' (1996) సంకలనాలు వచ్చాయి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా, ఊరి కోసం వేసిన డప్పును తన కోసం మోగించింది. ఆ కాలపు కవిత్వంలో 'మీరు' అన్న మాట ఎంత సూటిగా పడిందో గమనించాలి. మద్దూరి నగేష్ బాబు తన పుస్తకాల్లో ఒకదానికి 'మీరేవుట్లు?' అని పేరు పెట్టాడు. కోస్తా ఊళ్ళలో కొత్తవాడి కులం ఆరా తీసే ప్రశ్న అది. ఎప్పుడూ మనల్ని అడిగే ప్రశ్నను పుస్తకం అట్ట మీదికి ఎక్కించి, అడిగినవాడి వైపే తిప్పాడు. 1998లో 'జల్‌జలా' ముస్లిం కవుల గొంతులను, 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' దళిత స్త్రీల ఎనభై ఏళ్ళ రాతలను ఒకచోటికి తెచ్చాయి. దళిత స్త్రీలు ఒకే కబురును రెండు చిరునామాలకు రాశారు. ఒకటి అగ్రవర్ణ సమాజానికి, ఇంకోటి తమ ఇంటి మగాడికి. రెండోదాన్ని అందుకోవడానికి మనం పడిన ఇబ్బందిని కూడా ఇక్కడ ఒప్పుకోవాలి.

వత్తుల భయం పోయిన చోటు

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. రాళ్ళూ రప్పలూ పొలాలూ ఉన్న ఆ ఊళ్ళు పదేళ్ళలో గుర్తుపట్టలేనట్టు మారిపోయాయి. 2008 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. దాంతో ఇంట్లో మొదటిసారి ఇంజనీరింగ్ చదివిన పిల్లలు అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల మీదుగా ఈ అద్దాల మేడల్లోకి నడిచారు. వాళ్ళతో పాటే చేతి ఫోన్ వచ్చింది. కవిత్వం ఆ ఫోన్‌లోకి ఎట్లా చేరిందో చూద్దాం.

మొదట ఎస్సెమ్మెస్. ఇంగ్లీషు లిపిలో ఒక సందేశానికి 160 అక్షరాలు పట్టేవి. తెలుగు లిపిలో రాస్తే 70 మాత్రమే. అందులోనూ తెలుగులో హల్లు, గుణింతం, పొల్లు ఒక్కొక్కటీ విడిగా లెక్క. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి ఆరు ఖర్చు. 'అంటరానితనం' అని రాస్తే పది పోతాయి. రెండుసార్లు రాసేసరికి సందేశంలో మూడో వంతు దాకా ఖాళీ. మించితే రెండో సందేశం కింద డబ్బు కట్టాల. అందుకే ఆ రోజుల్లో పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. భాషాభిమానులు దీన్ని తెలుగుకు పట్టిన చీడ అన్నారు.

మేము దీన్ని ఇంకో వైపు నుంచి చూస్తున్నాం. బడిలో తెలుగు రాయడమంటే మన పిల్లలకు ముందు గుర్తొచ్చేది వత్తుల భయం. 'బాధ'ను 'భాద' అని రాస్తే క్లాసంతా నవ్వుతుంది. 'ధ'కు బదులు 'ద' పలికితే వాడ గుర్తుపట్టేస్తారు. వాడలో పలకని వత్తులు పలకమని, తెలియని ఛందస్సు గణాలు విడగొట్టమని, ఆ పరీక్షలో తప్పినోడికి భాషే రాదని చెప్పారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినప్పుడు ఈ కొలబద్ద ఒక్కసారి మాయమైంది. ఎవడు ఎట్లా రాసినా చెల్లింది. ఆ సందుల్లోంచి చాలామంది మొదటిసారి తమ మాటను తమ యాసలో రాసి పంపుకున్నారు. అది గొప్ప కవిత్వమని మేము అనడం లేదు. రాయడమంటే జంకు పోవడం మాత్రం చిన్న సంగతి కాదంటున్నాం.

ఆ తర్వాత తెలుగు లిపి ఫోన్లలో తేలికైంది. గొంతు రికార్డు చేసి పంపడం కూడా వచ్చింది. దీన్ని కవిత్వ విమర్శ ఇంకా సరిగా పట్టించుకోలేదు. గొంతుతో పంపిన కవితలో యాస దాగదు, ఊపిరి దాగదు. మన కవిత్వం ఎప్పుడూ సగం గొంతులోనే ఉంది. ఆకాశవాణిలో పనిచేసి, 2014లో మనల్ని విడిచిపోయిన పైడి తెరేష్ బాబు కవిత్వాన్ని పేజీ మీద చదివినోళ్ళకు సగమే తెలుస్తుంది. గద్దర్ (2023లో మరణించాడు) పాట అచ్చులో చదివితే ఎంత మిగులుతుంది? రాయదుర్గం మేడల కింద ఆర్డర్ కోసం బండి మీద కూర్చుని ఎదురుచూసే డెలివరీ కుర్రాళ్ళ ఫోన్లలో పల్లె పాట వినబడుతుంది. ఆ పాటను ఒకరి నుంచి ఒకరు పంపించుకుంటారు. పుస్తకం కొనకపోయినా కవిత్వంతోనే మాట్లాడుకుంటున్నారు. యువతకు కవిత్వం పట్టడం లేదనేవాళ్ళు ఈ మేడల గేటు దగ్గర ఒక సాయంత్రం నిలబడి చూడాలి.

అద్దాల మేడలో ఇంటిపేరు

ఇంతవరకు సాధనం గురించి. ఇప్పుడు చిరునామా గురించి.

ప్రైవేటు ఐటీ కంపెనీల్లో రిజర్వేషన్ లేదు. కాబట్టి అక్కడ కులం లేదని ఒక వాదన బలంగా ఉంది. చేరిన మొదటి వారంలోనే ఇంటిపేరు అడుగుతారు. తర్వాత మీది ఏ ఊరు, ఊళ్ళో ఇల్లు ఎటువైపు, శనివారం మాంసం తింటావా, మీ నాన్న ఏం చేస్తాడు. ఎవరూ కులం అడగరు. అడగాల్సిన అవసరం రాదు. కొండాపూర్‌లో అద్దె గది కోసం తిరిగితే 'ఓన్లీ వెజిటేరియన్స్' అన్న బోర్డు ముందే జవాబు చెబుతుంది. నగేష్ బాబు అట్ట మీదికి ఎక్కించిన ప్రశ్న ఇక్కడ నోరు తెరవకుండానే అడుగుతారు. దానికి మన పిల్లలు కూడా నోరు తెరవకుండానే జవాబు తయారుచేసుకుంటారు. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదిస్తారు. ఊరు అడిగితే జిల్లా పేరు చెబుతారు. పసునూరి రవీందర్ కథల పుస్తకం పేరు 'అవుటాఫ్ కవరేజ్ ఏరియా'. దానికి 2015లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఆ పేరు ఈ కారిడార్‌లో బతికే దళిత యువత స్థితికి అట్టే సరిపోతుంది. ఫోన్‌కు అన్ని చోట్లా సిగ్నల్ ఉంది. మనిషికి లేదు.

ఈ స్థితిలో రాసే కవితలు మాకు మూడు రకాలుగా కనబడుతున్నాయి.

మొదటిది విరహ కవిత. ఎక్కువమంది రాసేది, ఎక్కువమంది పంచుకునేది ఇదే. ఇందులో ఒక 'నువ్వు' ఉంటుంది. ఆ 'నువ్వు' వెళ్ళిపోయి ఉంటుంది. ఎందుకు వెళ్ళిపోయిందో ఉండదు. వాన, రైలు, కాఫీ కప్పు ఉంటాయి. కారణం మాత్రం ఉండదు. మేము ప్రేమ కవితను తక్కువ చేయడం లేదు. కానీ ఈ గడ్డ మీద ప్రేమకు ఏం జరుగుతోందో మర్చిపోలేం. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రణయ్‌ను ఆసుపత్రి ముందు పట్టపగలు నరికారు. 2020 సెప్టెంబరులో కులం దాటి పెళ్ళి చేసుకున్న యువకుణ్ణి ఇదే గచ్చిబౌలి నుంచి ఎత్తుకెళ్ళి చంపారు. ఇట్లాంటి చోట విడిపోవడానికి కారణం చెప్పని విరహ కవితను మేము అమాయకమైన కవితగా చదవలేం. అందులో తీసేసిన వాక్యం ఒకటి ఉందని, అది కులం వాక్యమని అనుమానించే హక్కు విమర్శకు ఉంది. రాసినోడు భయపడి తీసేశాడా, తీసేస్తేనే అందరూ మెచ్చుకుంటారని తీసేశాడా అన్నది ప్రతి కవితలోనూ అడగాల్సిన ప్రశ్న.

రెండోది వేదిక కవిత. కాఫీ హోటళ్ళలో, ఆఫీసు సాంస్కృతిక సాయంత్రాల్లో మైకు ముందు నిలబడి చెప్పే కవిత. ఎక్కువగా ఇంగ్లీషులో, అక్కడక్కడా హిందీ, తెలుగు. మా మిత్రుల్లో కొందరు ఇట్లాంటి సాయంత్రాలకు వెళ్ళి వచ్చారు. కులం మీద కవిత చదివితే చప్పట్లు బాగానే పడతాయట. చదివినవాడిని 'చాలా ధైర్యంగా చెప్పారు' అని మెచ్చుకుంటారట. తర్వాత ఎవరి కాఫీ వాళ్ళు తాగుతారు. ఇక్కడ పంపినవాడి చిరునామా ఉంది. అందుకున్నవాడి చిరునామా లేదు. వింటున్నవాడు తనను ఉద్దేశించిందని అనుకోడు. ఎక్కడో పల్లెలో ఉన్న దుర్మార్గుడి గురించి అనుకుంటాడు. తన అద్దె ఇంటి బోర్డు గుర్తురాదు. బాధ ఒక ప్రదర్శన వస్తువు అయిపోతే కబురు అందనట్టే. దీనికి తప్పంతా వినేవాడిదే అనలేం. 'మీరు' అన్న మాట వాడటానికి చెప్పేవాడు కూడా జంకుతున్నాడు. రేపు ఆఫీసులో వాళ్ళ మధ్యనే కూర్చోవాల కదా.

మూడోది లోపలి కవిత. ఏప్రిల్ 14 వచ్చిందంటే మన పిల్లల ఫోన్లలో నీలం రంగు పరుచుకుంటుంది. పాటలు, చిన్న కవితలు, వాళ్ళే రాసుకున్న నాలుగు పంక్తులు. డిసెంబరు 6న మళ్ళీ. వాట్సాప్ స్టేటస్‌లో ఎవరికి కనబడకూడదో ఎంచుకునే ఏర్పాటు ఒకటి ఉంది. ఆ రోజు చాలామంది ఆఫీసు వాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటిగా నొక్కి తీసేస్తారు. తర్వాత అంబేడ్కర్ మీద కవిత పెడతారు. ఇరవై నాలుగు గంటలకు అది మాయమవుతుంది. తెల్లారి ఆఫీసులో మామూలే. ఈ కవితలో నిజం ఉంది, వేడి ఉంది, పేరు కూడా ఉంది. కానీ అది మన వాడ దాటదు. మన బాధ మనకే చెప్పుకుంటున్నాం. ఇది కూడా అవసరమే. ఒంటరిగా ఉన్నోడికి 'జై భీమ్' అన్న రెండు మాటలు వస్తే ఆ పూట గడుస్తుంది, దాన్ని మేము కాదనం. ధర్మన్న, జాషువా, నగేష్ బాబుల వరసలో పెట్టి చూసినప్పుడు మాత్రం ఒక వెనకడుగు కనబడుతుంది. గబ్బిలం గుడిలోకి పోయింది. మన స్టేటస్ పక్క కుర్చీ దాకా కూడా పోవడం లేదు.

ఈ వెనకడుగును పిల్లల పిరికితనం అనడం మాకు ఇష్టం లేదు. 1990ల కవుల్లో పలువురికి సర్కారు కొలువు, విశ్వవిద్యాలయం, ఉద్యమ సంఘం ఏదో ఒక ఆసరా ఉండేది. ఇవాళ్టి కుర్రాడి ఉద్యోగం ఒక్క మెయిల్‌తో పోతుంది. ఇంటి దగ్గర తమ్ముడి చదువు, చెల్లి పెళ్ళి ఆ జీతం మీదే నడుస్తున్నాయి. అమెరికాలో సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. మన ఐటీ ఉద్యోగులు అక్కడికీ కులాన్ని మోసుకుపోయారన్న సంగతి దాంతో ప్రపంచానికి తెలిసింది. ఇక్కడ మాదాపూర్‌లో ఆ మాట ఆఫీసు గోడల మధ్య పలకడానికి ఇంకా చోటు లేదు. కవిని ఒంటరిగా ముందుకు తోసి, నువ్వు ధైర్యం చెయ్యి అనడం న్యాయం కాదు.

వెలివాడ నేర్పింది

ఈ అద్దాల మేడల మధ్యనే ఇంకో ప్రపంచం ఉంది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో ఉంది. దాని గోడకు అవతల సాఫ్ట్‌వేర్ కంపెనీలు. అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ అక్కడ 1993లో పుట్టింది. అక్కడ మన పిల్లలు ఇంటిపేరు దాచుకోలేదు. గోడ పత్రిక, కరపత్రం, సభ, డప్పు అన్నీ వాళ్ళ మాటకు సాధనాలే.

2015 డిసెంబరులో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి, క్యాంపస్ ఉమ్మడి స్థలాల నుంచి వెలేశారు. 2016 జనవరి మొదటి వారంలో వాళ్ళు పరుపులు, అంబేడ్కర్ పటం మోసుకుని బయటికొచ్చి షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర గుడారం వేసుకున్నారు. ఫ్లెక్సీల మీది మహనీయుల బొమ్మలే దానికి గోడలు. దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. 1990లలో మద్దూరి నగేష్ బాబు తన కవితా సంపుటికి పెట్టిన పేరు కూడా వెలివాడే. ఆ పుస్తకం చదివే ఈ పేరు పెట్టారని మేము అనడం లేదు. ఊరి చివర మనల్ని తిట్టడానికి వాడిన మాటను కవులు ఇరవై ఏళ్ళు పట్టి మన మాటగా చేసి ఉంచారు. అవసరమొచ్చిన రోజు అది చేతికందింది. ఒక్క మాట గుడారం అయింది, చిరునామా అయింది. ఇక్కడ వెలి ఉందని చెప్పడానికి ఇంకో వివరణ అక్కర్లేకపోయింది. కవిత్వం కబురుగా పనిచేయడమంటే ఇదేనని మా ఉద్దేశం.

కానీ ఆ కబురు ఎప్పుడు అందింది? 2015 డిసెంబరు 18న రోహిత్ వేముల వైస్ ఛాన్సలర్‌కు ఒక ఉత్తరం రాశాడు. పంపినవాడి పేరు, అందుకోవాల్సినవాడి పేరు రెండూ ఉన్న ఉత్తరం. అది ఎవరినీ కదిలించలేదు. 2016 జనవరి 17న రోహిత్ చనిపోయాక దొరికిన ఉత్తరాన్ని దేశమంతా చదివింది. దాన్ని కవిత్వం అన్నారు, సాహిత్యం అన్నారు, భాషల్లోకి అనువదించారు. అతను రోజూ రాసుకున్న మాటలు కూడా ఆ తర్వాతే పుస్తకమయ్యాయి. సైన్సు రచయిత కావాలని కోరుకున్న ఆ పిల్లవాడి వాక్యాలను అతను బతికుండగా ఎవరు చదివారు? 2024లో ఆ కేసును మూసేస్తూ పోలీసులు ఇచ్చిన నివేదిక, అతను దళితుడే కాదంది. నిరసన వచ్చాక మళ్ళీ దర్యాప్తు చేస్తామన్నారు. బతికున్నప్పుడు కబురు అందుకోలేదు. చనిపోయాక పంపినవాడి చిరునామానే తప్పన్నారు.

దీని నుంచి మన యువత తప్పు పాఠం నేర్చుకోకూడదు. చావు మన కబురుకు తపాలా బిళ్ళ కాకూడదు. చనిపోతేనే చదువుతారన్న నమ్మకం ఎవరి మనసులోనైనా పడితే ఆ నేరం చదవని మనందరిది. పరిశోధకులమైన మాకు కూడా ఇందులో వాటా ఉంది. మేము కూడా యువత కవితలను సెమినార్ పత్రానికి ముడిసరుకుగా చూశాం. రాసిన పిల్లలకు జవాబు రాయలేదు.

2025 మార్చి చివర్లో అదే విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఆ రోజుల్లో నిజమైన వీడియోలతో పాటు కృత్రిమ మేధతో తయారైన జింకల, నెమళ్ళ బొమ్మలు కూడా ప్రచారంలోకి వచ్చాయి. వాటిని చూపించి మొత్తం ఆందోళనే అబద్ధపు ప్రచారమని ప్రభుత్వం అనగలిగింది. ఇవాళ పుట్టినరోజు కవిత కూడా యంత్రాన్ని అడిగి రాయించుకుంటున్నారు. అందంగానే వస్తుంది. అయితే ఆ కవితను పంపిందెవరు? ఏ వాడ నుంచి? యంత్రం రాసిన కవితకు అవమానపడిన చరిత్ర లేదు, రేపు ఎవరైనా నిలదీస్తే నిలబడే మనిషి లేడు. బొమ్మను, మాటను ఎవరైనా తయారుచేయగల కాలంలో, కింద పేరూ ఊరూ తేదీ ఉన్న మాటకు విలువ ఇంకా పెరుగుతుంది.

మన పని

కవులకు ధైర్యం చెప్పి ఊరుకుంటే చాలదు. ధైర్యానికి ఏర్పాటు కావాల. మాకు తోచిన కొన్ని పనులు చర్చకు పెడుతున్నాం.

అమెరికాలో కార్ల ఫ్యాక్టరీల నగరం డెట్రాయిట్. అక్కడ లైబ్రేరియన్‌గా పనిచేసిన నల్లజాతి కవి డడ్లీ రాండాల్ 1965లో బ్రాడ్‌సైడ్ ప్రెస్ పెట్టాడు. ఒక్క కాగితం మీద ఒక్క కవిత అచ్చువేసి తక్కువ ధరకు అమ్మడంతో మొదలుపెట్టాడు. కాగితం చేతులు మారింది, గోడకెక్కింది, జేబులో మడత పడింది. మనకూ కరపత్రం అనే సంప్రదాయం ఉంది. మాదాపూర్, గచ్చిబౌలి గేట్ల దగ్గర, మెట్రో మెట్ల దగ్గర ఒక్క కవిత ఒక్క కాగితంగా పంచొచ్చు. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్న పిల్లల కవితలను సంఘం పేరుతో, వాడ పేరుతో, వేదిక పేరుతో వేయొచ్చు. దాక్కోవడానికి మారుపేరు పెట్టుకోవడం ఒక సంగతి. పదిమంది కలిసి నిలబడి ఒక ఉమ్మడి పేరు పెట్టుకోవడం వేరే సంగతి. రెండోదానికి చిరునామా ఉంటుంది.

ఇరవై నాలుగు గంటల్లో మాయమయ్యే కవితలను, గొంతుతో పంపుకున్న పాటలను రాసినవాళ్ళ అనుమతితో భద్రపరచాలి. గోగు శ్యామల 1921 నుంచి 2002 దాకా వెతికి ఏరకపోతే దళిత స్త్రీల రాతలు ఎన్ని మనకు దక్కేవి? ఇవాళ ఫోన్ మారిస్తే ఒక తరం కవిత్వం పోతుంది. విద్యార్థులు తమ కాలేజీలో, హాస్టల్లో, పీజీ గదుల్లో ఈ పని మొదలుపెట్టొచ్చు. ఐటీ మేడలు ఊడ్చే అక్కలు, కాపలా కాసే అన్నలు పాడుకునే పాటలను కూడా అందులో చేర్చాలి. వాళ్ళు కూడా ఈ కారిడార్‌లోనే ఉన్నారు.

ఉపాధ్యాయులు వత్తుల దగ్గర ఆగిపోవద్దు. పిల్లవాడు రాసిన నాలుగు పంక్తుల్లో అక్షర దోషాలు దిద్దే ముందు, ఇది ఎవరికి రాశావురా అని ఒక్కసారి అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలా కవితలను మారుస్తుంది. జిల్లాల నుంచి వస్తున్న యువ కవులకు ఈ ప్రశ్న తెలుసు. తగుళ్ళ గోపాల్ 'దండకడియం'కు 2021లో, పల్లిపట్టు నాగరాజు 'యాలై పూడ్సింది'కి 2022లో యువ పురస్కారాలు వచ్చాయి. పుస్తకాల పేర్లలోనే వాళ్ళ ఊళ్ళు పలుకుతున్నాయి. మెర్సీ మార్గరెట్ 'మాటల మడుగు'కు 2017లో వచ్చింది. ఇంటిపేరు కుదించుకుని పన్నెండో అంతస్తులో కూర్చున్న మన పిల్లల నుంచి అట్లాంటి పుస్తకం కోసం ఎదురుచూస్తున్నాం.

చివరగా విమర్శకులకు, మాతో కలిపి. స్టేటస్‌ను స్టేటస్ అని తోసేయడం సులువు. అందులో తీసేసిన వాక్యం ఏదో కనిపెట్టి, రాసినవాళ్ళతో కూర్చుని మాట్లాడటం కష్టం. మనం ఆ పని చేయనంత కాలం పిల్లలు తమలో తాము గొణుక్కుంటూనే ఉంటారు. ఈ వ్యాసంతో విభేదించేవాళ్ళు రాయండి. ముఖ్యంగా ఆఫీసు వాళ్ళ పేర్లు నొక్కి తీసేసి, అర్ధరాత్రి ఫోన్‌లో నాలుగు పంక్తులు పెట్టుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు రాయండి. మీ జవాబు వేస్తాం. మీరు ఏ పేరు పెట్టమంటే ఆ పేరుతో వేస్తాం.